బిడ్డ సంరక్షణ వోచరు: ఎవరి సొమ్ము, ఎవరి చేతికి?

(మహిళా ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పసిబిడ్డల సంరక్షణ విషయమై మన కోర్కెల పత్రంలో ఏమి చేర్చవలెనన్న చర్చ మన శాఖలలో సాగుతున్నది. పనిచేసే చోటనే శిశు సంరక్షణాలయం కావాలని కొందరు, నెలనెలా వోచరు ఇప్పించాలని మరికొందరు కోరుతున్నారు. వోచరు పద్ధతి బ్రిటన్‌లో పెరిగినది. మన సభ్యుల పిల్లలు కొందరు ఆ దేశంలో ఉద్యోగాలు చేస్తున్నందువలన దాని పేరు మన ఇండ్లలో కూడా వినబడుతున్నది. దూరాన ఉన్నది నునుపుగా కనిపించడం సహజం. కోర్కె పెట్టక ముందు, ఆ పద్ధతిలో సొమ్ము ఎవరి చేతి నుండి బయలుదేరి, ఎవరి చేతికి, ఏ షరతులపై చేరుతుందో తెలుసుకొనడం మన కర్తవ్యం.

బ్రిటన్‌లో చైల్డ్‌మైండరు అనగా తన ఇంటిలో ఇతరుల బిడ్డలను ప్రతిఫలానికి చూసుకొనే వ్యక్తి. వీరిలో అత్యధికులు స్త్రీలు. ఇంగ్లండులో వీరు ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ తనిఖీ సంస్థ వద్ద గాని, ఆ సంస్థ గుర్తించిన ఏజెన్సీ వద్ద గాని నమోదు కావలెను. నమోదు లేని చోట చూసుకొన్న బిడ్డకు వోచరు చెల్లదు. సాధారణంగా వీరు ఎవరి ఉద్యోగులూ కారు, స్వయంఉపాధి పొందేవారు. కనుక జబ్బు చేసినా, పండుగ వచ్చినా వీరికి జీతంతో కూడిన సెలవు ఇచ్చే యజమాని లేడు.

ఇక వోచరు సంగతి. 2005 ఏప్రిల్ నుండి వారానికి 50 పౌండ్ల వరకు, 2006 ఏప్రిల్ నుండి 55 పౌండ్ల వరకు వోచరు రూపంలో పుచ్చుకొన్న మొత్తానికి అక్కడి ప్రభుత్వం ఆదాయపు పన్నును, జాతీయ బీమా చందాను మినహాయించినది. నెలకు లెక్కిస్తే అది 243 పౌండ్లు. తల్లి, తండ్రి ఇద్దరూ ఉద్యోగులైతే ఇద్దరూ వేరువేరుగా తీసుకొనవచ్చును. 2011 ఏప్రిల్ తరువాత చేరిన పెద్ద జీతగాండ్లకు ఈ పరిమితిని తగ్గించారు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా గుర్తించవలెను. చాలా చోట్ల ఈ వోచరు జీతంపై అదనంగా ఇచ్చినది కాదు. ఉద్యోగి తన జీతంలో 243 పౌండ్లు వదులుకొంటే, ఆ 243 పౌండ్లే వోచరుగా తిరిగి వచ్చినవి. మిగిలినది పన్ను మాత్రమే. యజమానికి కూడా తన వంతు బీమా చందా మిగిలినది. అనగా అది కార్మికుని కష్టార్జితమే గాని యజమాని దానం కాదు. పైగా చట్టబద్ధమైన కనీస వేతనం కంటే జీతం తగ్గే విధంగా వదులుకొనరాదన్న నియమం వలన, అట్టడుగు జీతంపై ఉన్నవారు ఈ సౌకర్యంలో చేరనే లేకపోయారు. జీతం తగ్గినందువలన ప్రసూతి కాలపు భత్యం లెక్క కూడా తగ్గే ప్రమాదం ఉన్నది. సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వారే గుమ్మం బయట నిలిచిపోయారు.

సొమ్ము నడిచే దారి తపాలా సోదరులకు సులభంగా అర్థం కాగలదు. మనీ ఆర్డరులో పంపేవారు, అందుకొనేవారు, నడుమ తపాలా శాఖ ఉండేవారు. చెల్లింపు జరిగినట్లు సంతకంతో కూడిన రసీదు పంపినవారికి తిరిగి చేరేది. వోచరులో నాలుగు చేతులు ఉన్నవి. యజమాని జీతం నుండి మినహాయించి వోచరు కంపెనీకి పంపును. కంపెనీ ఆ మొత్తాన్ని ఉద్యోగి ఖాతాలో జమ చేయును. ఉద్యోగి ఫలానా సంరక్షకురాలికి ఇంత చెల్లించమని ఆదేశించవలెను. అటు పిమ్మట కొన్ని పనిదినాలకు సొమ్ము ఆమె బ్యాంకుకు చేరును. ఆమె ఆ కంపెనీ వద్ద ముందుగా నమోదై ఉండవలెను. నలుగురు తల్లులు నాలుగు కంపెనీల వోచర్లు తెస్తే నాలుగు చోట్ల నమోదు కావలెను.

ఈ నాలుగు చేతులలో ఏది ఆలస్యం చేసినా నష్టపోయేది చివరి చేయి. బిడ్డకు పాలు, అన్నం ఆమె ఆనాడే పెట్టినది. సొమ్ము మాత్రం వచ్చే వారం వచ్చును. కనుకనే తల్లిదండ్రులకు, సంరక్షకురాలికి నడుమ వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉండవలెను. అందులో ఉండవలసిన అంశాలను క్లుప్తంగా మనవి చేస్తున్నాము.

మొదటిది, నెల రుసుము మొత్తం ఎంత, అందులో వోచరు ద్వారా ఎంత, చేతి నుండి ఎంత అన్నది అంకెలలో ఉండవలెను. ఉదాహరణకు రుసుము 800 పౌండ్లు అనుకొందాము. ఒకరి వోచరు 243 పోగా 557 పౌండ్లు తల్లిదండ్రులు స్వయంగా చెల్లించవలెను. ఇద్దరి వోచర్లు ఉంటే మిగిలేది 314.

రెండవది, గడువు తేదీ అనగా సొమ్ము ఆమె ఖాతాలో పడవలసిన తేదీయే గాని, తల్లిదండ్రులు ఆదేశం ఇచ్చిన తేదీ కాదు. కంపెనీ జాప్యం చేస్తే ఆ బాధ్యత తల్లిదండ్రులదని ఒప్పందంలో ఉండవలెను.

మూడవది, బ్యాంకులో పడిన సొమ్ము ఏ బిడ్డది, ఏ నెలది అని గుర్తించే సంఖ్యను ఉభయులూ వ్రాసి ఉంచుకొనవలెను. అందిన ప్రతి మొత్తానికి రసీదు ఇవ్వవలెను. వోచరు కూడా ఆదాయమే కనుక సంరక్షకురాలు తన పద్దులో చూపవలెను.

నాలుగవది, బిడ్డను మాన్పించదలచితే ఎన్ని వారాల ముందు తెలుపవలెను, ఆ కాలపు రుసుము ఎట్లు చెల్లించవలెను అన్నది ముందే తేల్చుకొనవలెను. ఖాతాలో పేరుకొన్న వోచర్లను తమ ఇష్టం వచ్చినట్లు నగదుగా మార్చుకొనడానికి తల్లిదండ్రులకు వీలు లేదు. కనుక అవసరానికి మించి జీతం వదులుకొనరాదు.

ఈ వోచరు పథకంలోనికి కొత్తవారిని చేర్చుకొనడం 2018 అక్టోబరు 4 నాటితో నిలిపివేశారు. అప్పటికే ఉన్నవారు, యజమాని పథకాన్ని నడుపుతున్నంత కాలం, షరతులకు లోబడి కొనసాగవచ్చును. దాని స్థానంలో 2017లో మరొక పద్ధతి వచ్చినది. అందులో తల్లిదండ్రులు ప్రభుత్వ ఖాతాలో 8 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 2 పౌండ్లు కలుపును. బిడ్డకు ఏడాదికి 2,000 పౌండ్ల వరకు, వికలాంగ బిడ్డకు 4,000 పౌండ్ల వరకు సాయం లభించును. 800 పౌండ్ల రుసుముకు తల్లిదండ్రులు 640 వేస్తే చాలును. యజమాని చేయి ఈ దారిలో లేదు. స్వయంఉపాధి పొందేవారికి కూడా ఇది వర్తించును. వోచరు పథకంలో అటువంటి వీలు లేదు. నెలనెలా ఇతరుల వోచర్లు పుచ్చుకొన్న చైల్డ్‌మైండరుకు, తనకు యజమాని లేని కారణంగా, తన బిడ్డ కోసం వోచరు పొందే హక్కు లేకపోయినది! ఆ పథకపు లోపం దీనికంటే స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాము. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 180 రోజుల ప్రసూతి సెలవు ఉన్నది. సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు 2008 నుండి ఉన్నది గాని, అది అడిగినంత మాత్రాన హక్కుగా లభించేది కాదు. పిల్లల విద్యా భత్యం బిడ్డ బడిలో చేరిన తరువాతనే మొదలగును. ప్రసూతి సెలవు ముగిసిన నాటి నుండి బడి గడప తొక్కే వరకు ఉన్న సంవత్సరాల మాటేమిటి? ఆ భారాన్ని ముసలి తల్లి గాని, పక్కింటి ఆయా గాని మోస్తున్నది. ఆయాకు వ్రాతపూర్వకమైన ఒప్పందం లేదు, రసీదు లేదు. మన జీతం ఆలస్యమైతే ఆమె కూలి కూడా ఆలస్యమగుచున్నది.

50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలలో శిశు సంరక్షణాలయం ఉండవలెనని 2017 ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ చెప్పినది. 2020 సామాజిక భద్రతా స్మృతి ఆ మాటను నిలుపుకొన్నది. రాత్రి డ్యూటీలో ఉత్తరాలు వేరుచేసే సోదరికి, తెల్లవారుజామున ట్రాక్ పనికి వెళ్లే సోదరికి కాగితపు వోచరు ఏమి చేయగలదు? ఆ వేళకు తెరచి ఉండే తలుపు కావలెను.

కనుక మూడు మాటలను శాఖల ముందు ఉంచుతున్నాము. డ్యూటీ వేళలకు అనుగుణంగా నడిచే శిశు సంరక్షణాలయమే మన మొదటి కోర్కె కావలెను. భత్యం కోరితే అది జీతంపై అదనంగా ఉండవలెను గాని, జీతంలో కోసి ఇచ్చినది కారాదు. మన బిడ్డను చూసుకొనే స్త్రీ కూడా కార్మికురాలే కనుక ఆమె కూలి చెప్పిన తేదీన, పూర్తిగా ఆమె చేతికి చేరవలెను. ఈ మూడవ మాటకు ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అవసరం లేదు. వచ్చే నెల ఒకటవ తేదీ నుండి మనమే అమలు చేయవచ్చును.

శాఖలు ఈ విషయాన్ని చర్చించి, తమ అభిప్రాయాలను సమాఖ్య కార్యాలయానికి వ్రాతపూర్వకంగా పంపగోరుతూ సెలవు తీసుకొంటున్నాము.