బెరడు పురుగు వాసన ఎవరి సొత్తు?

పశ్చిమ అమెరికా అడవుల్లో పాండరోసా పైన్ చెట్టును ముందుగా తొలిచేది ఇప్స్ ప్రజాతి మగ పురుగు. బియ్యపు గింజ కన్నా చిన్నదైన ఈ పెంకుపురుగు బెరడు కింద ఒక గది చేసుకుంటుంటే, రంధ్రంలోంచి ఇటుకరంగు పొట్టు రాలుతుంది. ఆ పొట్టు వాసనకు ఆడవీ మగవీ గుంపులుగా వచ్చి వాలతాయి. ఒకటో రెండో అయితే చెట్టు జిగురు కార్చి తరిమేస్తుంది. వేలకొద్దీ ఒక్కసారిగా మీద పడితే నిలవలేదు.

1966లో డేవిడ్ వుడ్, రాబర్ట్ సిల్వర్‌స్టీన్ ప్రభృతులు ఆ పొట్టును కిలోలకొద్దీ పోగుచేసి, ఇప్సెనాల్, ఇప్స్‌డైయెనాల్, సిస్-వెర్బెనాల్ అనే మూడు పదార్థాలను వేరుచేశారు. విడివిడిగా వాటికి పెద్ద ఆకర్షణ లేదు, కలిపితేనే పురుగులు కదిలాయి. మూడేళ్లకు, 1969లో, జాన్ బోర్డెన్ బృందం మగ పురుగులకు కృత్రిమ జువెనైల్ హార్మోన్ పూసి వాటిలో ఫెరమోన్‌ను, అంటే తోటి పురుగులను పిలిచే ఈ వాసన పదార్థాన్ని, పుట్టించింది. లార్వాను లార్వాగా నిలిపి ఉంచే హార్మోన్‌గా పేరుపడినదే, ఎదిగిన పురుగులో ఈ కొత్త పని చేస్తోందన్నమాట.

హార్మోన్ దేన్ని కదిలిస్తోందన్న ప్రశ్నకు మాత్రం పాతికేళ్లు తప్పుదారే దొరికింది. పైన్ జిగురులో మిర్సీన్ ఉంటుంది. దాని ఆవిరి తగిలిన మగ పురుగుల్లో ఇప్సెనాల్, ఇప్స్‌డైయెనాల్ కనిపించాయి. సరుకు చెట్టుదనీ, ఆక్సిజన్ చేర్చడమొక్కటే పురుగు పని అనీ తేల్చేశారు. 1975లో పురుగు పేగులోని బ్యాక్టీరియా చెట్టులోని ఆల్ఫా-పైనీన్‌ను వెర్బెనాల్‌గా మార్చగలదని తెలిశాక పురుగు వాటా ఇంకా తగ్గింది. సిస్-వెర్బెనాల్ ముడిసరుకు నిజంగానే చెట్టుది కావడంతో, మిగతా రెండింటి మీద అనుమానం రాలేదు.

1990లో బయర్స్, బిర్గర్సన్ ఆ లెక్కను కదిలించారు. మిర్సీన్ ఎక్కువున్న పైన్‌లోనూ, బొత్తిగా తక్కువున్న పైన్‌లోనూ పురుగు ఫెరమోన్‌లో తేడా రాలేదు. 1993లో స్వీడన్ పరిశోధకులు ఇప్స్ డూప్లికేటస్‌కు కాంపాక్టిన్ ఎక్కించగా ఇప్స్‌డైయెనాల్ తయారీ పడిపోయింది. కొలెస్ట్రాల్‌కు నేడు వాడే స్టాటిన్ మందులకు ఆద్యం ఈ కాంపాక్టినే. కీటకాలు కొలెస్ట్రాల్‌ను సొంతంగా చేసుకోలేవు, అయినా ఆ తయారీ దారిలోని తొలి మెట్లు వాటిలోనూ ఉన్నాయి, కాంపాక్టిన్ అడ్డుపడేది అక్కడే. 1995లో సేబోల్డ్, బ్లామ్‌క్విస్ట్ తదితరులు రేడియోధార్మిక ఎసిటేట్ ఇచ్చి చూస్తే, ఆ కార్బన్ ఇప్సెనాల్‌లోనూ ఇప్స్‌డైయెనాల్‌లోనూ తేలింది. ఆ రెండూ పురుగు సొంత తయారీ అని రుజువైంది.

అప్పుడు గాని హార్మోన్ పాత్ర స్పష్టపడలేదు. మగ ఇప్స్ పైనై బెరడు లోపలి పొర తినగానే, మెదడు వెనుక ఉండే కార్పోరా అల్లేటా గ్రంథులు జువెనైల్ హార్మోన్-3ను తయారుచేస్తాయి. దాని ప్రభావంతో మధ్యాహారనాళపు కణాల్లో హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ పెరుగుతుంది. కాంపాక్టిన్ అడ్డుకునే ఎంజైమ్ కూడా ఇదే. అక్కణ్ణుంచి దారి మిర్సీన్ మీదుగా ఇప్స్‌డైయెనాల్‌కు చేరుతుంది. అంతకుముందు ఫెరమోన్ కోసం వెతికింది అంత్యాహారనాళంలో. అది నిలవ చోటే తప్ప కార్ఖానా కాదు. 2009లో గిల్గ్ బృందం పురుగులోనే మిర్సీన్ చేసే ఎంజైమ్‌ను పట్టుకుంది. మిర్సీన్ వంటి మోనోటెర్పీన్లు చేసే ఎంజైమ్ ఒక జంతువులో దొరకడం అదే మొదలు.

అన్ని జాతులదీ ఒకే తీరనుకోరాదు. ఇప్స్ పైనై మగవాటికి హార్మోన్ పూస్తే చాలు, తిండి లేకున్నా ఇప్స్‌డైయెనాల్ దండిగా వస్తుంది. బోర్డెన్ పరిశీలించిన జాతిలో, నేటి పేరు ఇప్స్ పారాకన్‌ఫ్యూసస్, హార్మోన్ ఒక్కటే ఇస్తే, తిన్న పురుగు చేసేంత ఫెరమోన్ రాదు. మరో ప్రజాతికి చెందిన డెండ్రోక్టోనస్ జెఫ్రీ మగ పురుగుల్లో ఫ్రాంటాలిన్ అనే ఫెరమోన్ తయారీని నడిపేదీ ఈ హార్మోనే. అదే ప్రజాతికి చెందిన మౌంటెన్ పైన్ పురుగుది వేరే పద్ధతి. లార్వా దశలోనే చెట్టు ఆల్ఫా-పైనీన్‌ను ట్రాన్స్-వెర్బెనాల్‌గా మార్చి, కొవ్వు ఆమ్లాలతో బంధించి దాచుకుంటుందనీ, పెద్దయ్యాక ఆడవి ఆ నిలవలోంచి విడుదల చేస్తాయనీ 2018లో తేలింది.