తెరుచుకొనని ఫైలును తుడిచివేయకుడు
(బడంగ్‌పేటలో చేసిన ప్రసంగ పాఠము)



మీ బడంగ్‌పేట కొలదికాలము క్రిందటి వరకు గ్రామము. 2019లో నగరపాలక సంస్థ అయినది. ఊరి స్వరూపము మారినను, పాత కాగితముల అవసరము తీరలేదు. దుకాణములో టైపు చేయించిన దరఖాస్తు, సంఘము చేసిన తీర్మానము, పిల్లల సర్టిఫికెట్టు నేడు కంప్యూటరులోనో, సెల్ ఫోనులోనో ఫైళ్ళుగా ఉన్నవి. అవసరము పడిననాడు అవి తెరుచుకొనకున్నచో ఏమి చేయవలెనో మనవి చేసెదను.

తెరుచుకొనని ఫైలును వెంటనే తుడిచివేయరాదు. పెట్టె తెరుచుకొననంత మాత్రమున లోని సొమ్ము పోయినదని ఎవరును అనుకొనరు, తాళపుచెవి వెదకెదరు. ముందుగా ఫైలునకు నకలు తీసి, ఏ ప్రయత్నమైనను ఆ నకలుమీదనే చేయవలెను.

పిమ్మట ఫైలు పరిమాణము చూడుడు. అది సున్నా అయినచో లోన ఏమియు లేదన్నమాట. పంపినవారిని మరల పంపుమని కోరవలెను.

కొన్నిటికి నిజముగనే తాళముండును. ఇంటర్నెట్టు నుండి దించుకొన్న ఆధార్ పత్రము పాస్‌వర్డు అడుగును. ఫైలు చెడినదని పలువురు భ్రమపడుదురు. ఆధారులోని పేరు మొదటి నాలుగు అక్షరములు ఇంగ్లీషు పెద్దబడిలో, వాని వెనుక పుట్టిన సంవత్సరము, ఇదియే దాని పాస్‌వర్డు. 1990లో పుట్టిన సురేష్ ఎస్, యు, ఆర్, ఇ అను అక్షరముల పిమ్మట 1990 కొట్టవలెను.

వర్డ్ 2007తో వచ్చిన కొత్తరకపు ఫైలు పాత వర్డులో నేరుగా తెరుచుకొనదు. ఉచితముగా లభించు లిబ్రాఫీసుతో దానిని తెరువవచ్చును. పాత పేజ్‌మేకరు ఫైళ్ళను సైతము అది చాలవరకు తెరువగలదు.

ఇక మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు. ఫైలు తెరుచుకొనును, కాని తెలుగునకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరములు కనబడును. అను వంటి పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరముల స్థానములందే తెలుగు అక్షరముల ముక్కలను అమర్చిరి. ఆ ఫాంటు లేని కంప్యూటరు ఇంగ్లీషునే చూపును. వ్రాత పోలేదు, వేషము మారినది. 1991లో వెలువడిన యూనికోడు ప్రతి తెలుగు అక్షరమునకు సొంత సంఖ్యనిచ్చినది. ‘క’ సంఖ్య 3093. అది ఏ దేశపు కంప్యూటరులోనైనను ‘క’యే. కనుక టైపు చేసిన దుకాణమువారిని ఫాంటు పేరు అడుగుడు. ఆ ఫాంటునకు తగిన మార్పిడి సాధనముతో వ్రాతను యూనికోడులోనికి మార్చవచ్చును. మార్చిన పిదప పేర్లు, ఒత్తులు, సర్వే నంబర్లు, రూకల మొత్తములు ఒకటికి రెండుసార్లు సరిచూచుకొనవలెను. సర్వే నంబరులో ఒక అంకె తప్పినచో ఒకరి భూమి మరొకరి భూమిగా చదువబడును.

బాగుచేయుదుమని చెప్పు ముక్కుమొగము తెలియని వెబ్‌సైట్లకు ఆధారు, భూమి పత్రములను అప్పగింపవలదు. నిజముగా చెడిపోయిన ఫైళ్ళును కొన్ని ఉండును. వానికి మందు లేదు. కావున నేడు వ్రాయించు ప్రతి తెలుగు పత్రమును యూనికోడులోనే వ్రాయింపుడు. రెండుచోట్ల దాచి, ముఖ్యమైనదానిని కాగితముపై అచ్చు తీయించి ఉంచుకొనుడు. విత్తనమును ఒకే గాదెలో నింపని రైతునకు ఇంతకంటె చెప్పవలసినది లేదు.