దారి తప్పిన బాలుడు - తల్లిదండ్రులు



బెజవాడలో గంజాయితోనో, చిన్న దొంగతనములోనో చిక్కిన పిల్లవాడు మన డెల్టా గ్రామములలో ఏదో ఒక యింటివాడే కావచ్చును. కబురు రాగానే, తండ్రి నాలుగు తగిలించిన బుద్ధి వచ్చునని పెద్దలందురు. మేమును ఒకప్పుడట్లే అంటిమి. అది పొరపాటు.

ఒకనాడు చావగొట్టి, మరునాడెక్కడ తిరిగినను పట్టించుకొనని యింటిలో పిల్లవానికి ఏది తప్పో తెలియదు. భయము, దిగులు మిగులును. దిగులు మరచుటకు మత్తు దొరకును. తండ్రియే త్రాగి వచ్చు యింట ఇక చెప్పనేల! లండనులో బౌల్బీ అను వైద్యుడు దొంగతనము చేసిన 44 మంది పిల్లలను పరిశీలించి 1944లో ప్రకటించెను. వారిలో 17 మంది పసితనమున తల్లికి చాలకాలము దూరమైనవారు. దొంగతనమెరుగని మరి 44 మందిలో అట్టివారిద్దరే. వలసకూలికి పోవు తల్లులను నిందించుట మా ఉద్దేశము కాదు. కూలి లేనిదే పొయ్యి రాజదు.

2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివానిని లాకప్పులో ఉంచరాదు, పేరు పత్రికల కెక్కింపరాదు. బాలునితోపాటు తల్లిదండ్రులకును కౌన్సెలింగు ఇప్పింపవచ్చును. పిల్లలకు మత్తు పదార్థమిచ్చినవారికి 7 ఏండ్ల వరకు కఠిన కారాగారము.

కావున పరిశీలనా గృహమునుండి తిరిగివచ్చిన వానిని రచ్చబండకు పిలువకుడు. పంచాయతీ సభ్యులగు మీలో ఇద్దరు వాని యింటికే పోయి, ముందు తండ్రితో కూర్చుండుడు. రాత్రి అన్నమువేళకు కుఱ్ఱవాడు ఇంట నుండునా, ఎవరితో తిరుగును, ఆ సంగతి కేకలు లేక అడుగుచున్నారా అని విచారింపుడు. వాడు నిద్రపట్టక, మాటలాడక యుండినచో 14416కు, మత్తు మానలేకున్నచో 14446కు అక్కడనుండియే ఫోను చేయింపుడు.