ఎనభై డాలర్ల పోటీ గిట్టుబాటేనా?

2025లో అమెరికాలో మిశ్రమ యుద్ధకళల సంస్థ యూఎఫ్‌సీ పెద్ద పోటీ ఒక్కటి ఇంట్లో చూడాలంటే 80 డాలర్ల దాకా అయ్యేది. దాన్ని చూపించే ఈఎస్‌పీఎన్ ప్లస్ చందా దానికి అదనం. అంత పెడితే గిట్టుబాటయ్యేదా?

లెక్క చూద్దాం. ప్రధాన కార్డులో, అంటే ఆ రాత్రి ముఖ్య పోరాటాల జాబితాలో, సాధారణంగా ఐదు పోరాటాలు. టైటిల్ పోరుకు ఐదేసి నిమిషాల రౌండ్లు ఐదు, మిగతావాటికి మూడు. టైటిల్ పోరు ఒక్కటే ఉంటే, అన్నీ చివరిదాకా సాగినా అసలు ఆట 85 నిమిషాలే. మిగిలిన సమయమంతా ప్రకటనలు, పరిచయాలు, కబుర్లు. ఒక్కోసారి ఆ కాస్త ఆట కూడా ఉండదు. 2015 డిసెంబరులో టైటిల్ పోరులో కోనర్ మెక్‌గ్రెగర్ ఎడమచేతి దెబ్బతో జోసె ఆల్డోను 13 సెకన్లలో పడగొట్టాడు. సోఫాలో సర్దుకుని కూర్చునేలోపే అసలు పోరు అయిపోయింది! వీరాభిమానికి ఆ ఒక్క దెబ్బే పదివేలు. సరదాకి చూసేవాడికి డబ్బు దండగ. పదిమంది కలిసి వేసుకుంటే మాత్రం తలా 8 డాలర్లు, పెద్ద భారమేమీ కాదు.

చివరికి ఒక్కో పోటీని విడిగా అమ్మే ఆ పద్ధతే యూఎఫ్‌సీలో మారింది. 2025 ఆగస్టులో పారామౌంట్ యూఎఫ్‌సీతో ఏడేళ్లకు 770 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించింది. 2026 నుంచి అమెరికాలో ఈ పోటీలు పారామౌంట్ ప్లస్ చందాలోనే వస్తాయి. మన దేశంలో అభిమానులు కొన్నేళ్లుగా సోనీ లివ్ చందాతోనే ఆదివారం ఉదయం చూస్తున్నారు.

బాక్సింగ్‌లో విడిగా అమ్మే పోటీలు ఇంకా ఉన్నాయి. కొనేముందు పోస్టరులో పైనున్న పేరు చూసి మోజుపడకండి, కింది పోరాటాలూ చదవండి. వాటిలో ఒక్కటైనా చూడాలనిపించకపోతే, మర్నాడు ముఖ్యాంశాలు చాలు.