లెక్క చదివే ఊరు

1909లో ఈ బారువలోనే పుట్టిన సర్దార్ గౌతు లచ్చన్న గారిని తలచుకునేటప్పుడు ఉప్పు సత్యాగ్రహం గురించీ, జైలు జీవితం గురించీ, రైతు ఉద్యమం గురించీ చెప్పుకుంటాం. ఆ రైతు ఉద్యమం వెనక ఉన్న ఒక విషయాన్ని పట్టుకుని నేను ఇవాళ్టి దాకా వస్తాను. జమీందారీ రోజుల్లో రైతును పీడించింది శిస్తు బరువొక్కటే కాదు. తన పేరున ఎంత భూమి రాశారో, ఎంత బాకీ చూపారో అతనికి తెలిసే దారి లేదు. 1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం పట్టా, దానికి బదులు రైతు రాసిచ్చే ముచ్చిలికా ఇచ్చిపుచ్చుకోవాలని చెప్పింది. కాగితం మాత్రం దివాణంలోనూ, కరణం చేతిలోనూ ఉండేది. చదువు రాని రైతుకు అందులో దక్కింది వేలిముద్ర వేసే చోటు. 1937లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు బయల్దేరిన రైతు యాత్ర, ఆ కాలంలోనే టంగుటూరి ప్రకాశం గారి అధ్యక్షతన పనిచేసిన ఎస్టేట్ల విచారణ సంఘం ఈ పరిస్థితిని కదిపాయి. జమీందారు చూపే రికార్డుకు ఎదురుగా రైతు నోటిమాట కూడా సాక్ష్యంగా నిలిచింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక రికార్డు సర్కారు చేతికి వెళ్లింది. ఊరి ముందుకు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

సర్కారు రికార్డు ఊరి ముందుకు వచ్చిన తీరు గమనించదగ్గది. 1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంస్థ పనుల బిల్లులనూ, కూలీల హాజరు రాసే మస్టర్ రోళ్లనూ జనం మధ్య పైకి చదివించింది. ఆ పోరాటం నుంచే 2005 నాటి సమాచార హక్కు చట్టం బలం తెచ్చుకుంది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. దాని చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ అధికారం ఇచ్చింది. అన్ని రాష్ట్రాలకూ ఉన్న ఆ సెక్షన్‌ను ఆంధ్రప్రదేశ్ నిత్యం జరిగే పనిగా మార్చింది, 2009లో అందుకోసం ప్రత్యేక సొసైటీనే పెట్టింది. కూలి చేసుకునే కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకు కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి, మస్టర్ కాగితాలతో ఇంటింటికీ పంపారు. నీ పేరున ఇన్ని రోజులు పని చేసినట్టు, ఇంత కూలి అందినట్టు ఉంది, నిజమేనా అని అడగడమే వాళ్ల పని. జవాబులు గ్రామసభకూ, అక్కణ్నుంచి మండల ప్రజావేదికకూ వెళ్లేవి. కంప్యూటర్లో ఉన్న పట్టికకు అప్పుడు ప్రాణం వచ్చింది. ప్రభుత్వం లెక్కను బయటపెట్టడం సగం పనే. ఆ లెక్కను నేలతో పోల్చి చూసే మనుషులు ఊళ్లో ఎంతమంది ఉన్నారో, అది అంత మేరకే బహిరంగమవుతుంది.

దీనికి మన పక్కనే రుజువుంది. సోంపేట బీల ప్రాంతంలో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం పెట్టాలనుకున్నప్పుడు కాగితాల మీద ఆ నేల పనికిరాని భూమి. దాని ఆధారంగానే పర్యావరణ అనుమతి కూడా వచ్చింది. అక్కడ బతికేవాళ్లకు బీల అంటే పొలాలకు నీరు, చేపలు, పశువులకు మేత. పర్యావరణ ప్రభావ నివేదికను జనం ముందు పెట్టి అభిప్రాయం వినాలన్న నిబంధన లేకపోతే, ఈ రెండు వర్ణనలూ ఒకదానికొకటి ఎదురుపడేవే కావు. నివేదికను చదివినవాళ్లు, నేలను ఎరిగినవాళ్లు ఒక్కటై అభ్యంతరాలు రాశారు, అప్పీలుకు వెళ్లారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ప్రాణాలు పోయాక దొరికిన న్యాయాన్ని విజయమని పిలవడానికి నాకు మనసొప్పదు. ఒక రికార్డులోని అబద్ధాన్ని సకాలంలో సరిదిద్దకపోతే ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో ఆ రోజు చూపింది.

సామాజిక తనిఖీలతో నిజంగా ఏం ఒరిగిందని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. పట్టుబడిన సొమ్ములో తిరిగి వసూలైంది కొద్దిభాగమే. ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఇవర్సన్ అనే ఆర్థికవేత్తలు మన రాష్ట్రంలోని తనిఖీ నివేదికలనే పరిశీలించి ఇంకా ఇబ్బందికరమైన విషయం చెప్పారు: కూలీకి సంబంధించిన అక్రమాల్లో సొమ్ము కొంత తగ్గినా, సామగ్రి లెక్కల్లో అక్రమాలు పెరిగి ఆ మేలును మింగేశాయి. దీన్ని తనిఖీల వైఫల్యంగా కొందరు చదువుతారు. నాకు ఇందులో మరో సంగతి కనిపిస్తోంది. తాను ఎన్ని రోజులు తట్టమోసిందో కూలీకి తెలుసు, కాబట్టి అక్కడ అబద్ధం నిలవదు. ఎన్ని బస్తాల సిమెంటు పోసి, ఎన్ని ఘనపు మీటర్ల కంకర పరిచారో ఆమెకు ఎవరు చదివి చెప్పారు? చదివేవాళ్లు లేని పేజీలోకి దొంగతనం తరలిపోయింది. టెక్కలి, పలాస చుట్టుపక్కల సివిల్ డిప్లొమా చదివే విద్యార్థి ఎస్టిమేటునూ, కొలతలు రాసే ఎం-బుక్కునూ చదవగలడు, టేపు పట్టుకుని రోడ్డు వెడల్పు కొలవగలడు. కూలీ సాక్ష్యం ఆగిపోయిన చోట అతని చదువు మొదలవ్వాలి. కుర్రాళ్లను పార్టీలు వాడుకుంటాయన్న భయమూ ఉంది. ఒక ఊరి విద్యార్థులు పక్క మండలంలో కొలిచి, కొలతలన్నీ గ్రామసభలో అందరి ఎదుటా చదివితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం గోప్యత. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క కారణంతోనే నిరాకరించే వీలును పెంచింది. ఇక మస్టర్లో పేర్లు కూడా దాచమంటారేమోనన్న ఆందోళన సహేతుకమే. ప్రజల సొమ్ము ఎవరి పేరున ఖర్చయిందో ఆ పేరు బయటే ఉండాలి. తిత్లీ తుపాను తర్వాత చెట్టు లెక్కన ఇచ్చిన పరిహారం జాబితాలకూ ఇదే వర్తిస్తుంది. జబ్బు సంగతి వేరు. మన ఉద్దానం ప్రాంతాన్ని పట్టిన కిడ్నీ జబ్బు వల్ల మన ఊళ్లతో పెళ్లి సంబంధాలు కలుపుకోవడానికే జంకే పరిస్థితి వచ్చింది. ముప్పై ఇళ్ల పల్లెలో నలుగురు రోగులని అంకె వేసినా పేర్లు చెప్పినట్టే. అందువల్ల రోగుల సంఖ్యను మండలం స్థాయిలోనే ఉంచాలి. బోరుబావి నీటి పరీక్ష ఎవరి ఒంటికీ సంబంధించింది కాదు కాబట్టి, అది బావి గుర్తుతో, తేదీతో సహా వెల్లడి కావాలి.

నీటి పరీక్షలు చేసి విద్యార్థులు జబ్బుకు కారణం కనిపెట్టేస్తారా అనవచ్చు. వాళ్లను అడగాల్సింది అది కాదు. కారణం ఇదీ అని వైద్యశాస్త్రమే ఇంకా తేల్చలేదు, పల్లెల్లో వాడే మామూలు పరీక్ష కిట్లు చాలా భార లోహాలను పట్టలేవు కూడా. హిరమండలం జలాలు ఉద్దానం పల్లెలకు కుళాయిల్లో ఇవ్వాలని 2023లో పథకం ప్రారంభమైంది, అదే ఏడాది పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. నీరు మారినందువల్ల జబ్బు తగ్గిందా అని పదేళ్ల తర్వాత పరిశోధకులు తప్పక అడుగుతారు. ఏ వీధికి కుళాయి ఎప్పుడు వచ్చింది, అది ఏ నెలల్లో ఆగింది, ఆగినప్పుడు జనం ఏ బావి నీరు తాగారు అనే వివరాలు లేకుండా ఆ ప్రశ్నకు జవాబు రాదు. కుళాయి బిగించామన్న అంకె ప్రభుత్వం దగ్గర ఉంటుంది, అందులో నీరు వచ్చిన రోజుల లెక్క ఆ వీధివాళ్లకే తెలుసు. సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల కళాశాలలు ఈ లెక్కను నెలనెలా రాసి, గ్రామ సచివాలయం గోడ మీద అతికించి, ఒక ప్రతిని పలాస పరిశోధన కేంద్రానికి పంపే పనిని ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టాలని ఈ సభను కోరుతున్నాను.