33 అడుగుల టవర్ ఎందుకంటే: టెక్సాస్‌లో ఒక పాత గాలిమర కథ

ఈరోజు టాపిక్ కొంచెం వెరైటీ. కౌబాయ్ సినిమాల్లో ఒంటరిగా ఒక ఇల్లు, పక్కన ఎత్తుగా ఇనుప టవరు, దాని మీద కిర్రుకిర్రుమంటూ తిరిగే చక్రం చూసే ఉంటారు. అదే అమెరికన్ ఫార్మ్ విండ్‌మిల్, మన మాటలో గాలిమర. మా కాలేజీ సీనియర్ ఒకన్న డల్లాస్‌కి బాగా అవతల మూడెకరాల పాత రాంచ్ ముక్క కొన్నాడు. అక్కడి షెడ్డులో ఇలాంటిదొకటి దొరికింది. టవరు లేదు, తలకాయ మాత్రమే ఉంది. దాన్ని మళ్ళీ నిలబెట్టే పనిలో వీడియో కాల్ మీద నేనూ మూడు నెలలుగా ఉన్నాను.

షో కోసం అయితే ఇంత కష్టం అక్కర్లేదు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు పోయింది. బోరు మోటారు మీద బతికే ఇంటికి కరెంటు పోతే నీళ్ళూ పోయినట్టే. అన్నకి ఇద్దరు చిన్నపిల్లలు. కరెంటుతో సంబంధం లేకుండా నీళ్ళు రావాలి, అదీ పాయింటు.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన ఊళ్ళో చేతి బోరింగు కొట్టారు కదా? హ్యాండిల్ కొడితే లోపల రాడ్డు పైకీ కిందికీ ఆడుతుంది, నీళ్ళొస్తాయి. ఇక్కడ ఆ హ్యాండిల్ గాలి కొడుతుంది, అంతే. కరెంటు తయారుచేసే పెద్ద టర్బైన్‌కి మూడే రెక్కలుంటాయి, దీనికి మాత్రం 18. ఎందుకంటే దీనికి స్పీడు కంటే బలం ముఖ్యం. పైపులో ఉన్న నీటి బరువు మొత్తాన్నీ చిన్న గాలికే కదిలించాలి.

1854లో కనెటికట్‌లో డేనియల్ హాలడే అనే ఆయన గాలి దిక్కుకి తనంతట తానే తిరిగే గాలిమర చేశాడు. గాలి మరీ ఎక్కువైతే తనే తగ్గేది కూడా. అది చెక్కతో చేసింది. తర్వాత థామస్ పెర్రీ అనే ఇంజనీరు రెక్కల ఆకారం మీద వేల టెస్టులు చేసి స్టీలు చక్రం డిజైన్ చేశాడు. దాంతోనే 1888లో షికాగోలో ఎయిర్‌మోటర్ కంపెనీ మొదలైంది. 1915లో గేర్లన్నీ నూనెలో మునిగి తిరిగే మోడల్ తెచ్చారు. అంతకుముందు నూనె పొయ్యడానికి అస్తమానం పైకెక్కాలి, ఇప్పుడు ఏడాదికి ఒకసారి ఎక్కితే చాలు.

అన్న దగ్గరున్నది ఆ కంపెనీదే, 602 మోడల్, ఎనిమిదడుగుల చక్రం. 1916 నుంచి 1933 దాకా చేశారు. మనం రాసిన యాప్ రెండేళ్ళకి కొత్త ఫోన్లో ఓపెన్ అవ్వదు. ఈ కుటుంబం గాలిమరలకి స్పేర్ పార్టులు ఇప్పటికీ అమ్ముతున్నారు, తెలుసా!

మూత తీస్తే లోపల నల్లటి జిడ్డు, నీళ్ళు, కందిరీగల మట్టిగూళ్ళు. పెట్టెకి ఒక తుపాకీ గుండు బొక్క కూడా. ఖాళీగా ఉన్న గాలిమర కనిపిస్తే కాల్చడం అక్కడ కొందరికి సరదా. గేర్లు మాత్రం బాగున్నాయి. అరిగింది బేరింగులు. ఇవి బాల్ బేరింగులు కావు, బాబిట్ అనే మెత్తటి లోహాన్ని కరిగించి పోసినవి. మళ్ళీ పొయ్యాలంటే ఆ భాగాన్ని ముందు బాగా వేడిచేసి తడి మొత్తం పోగొట్టాలి. ఒక్క నీటి చుక్క ఉన్నా ఆవిరై, కరిగిన లోహాన్ని మొహం మీదికి ఎగరగొడుతుంది. గాల్వనైజ్డ్ ముక్కల్ని వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లపొగ కూడా అంతే డేంజర్, అది జింకు పొగ, పీలిస్తే రాత్రికి చలిజ్వరం. రెండూ తెలిసినవాళ్ళకే ఇవ్వమన్నాను, ఇచ్చాడు.

అసలు గొడవ టవర్ దగ్గర వచ్చింది. అన్న ప్లాన్ ఏంటంటే 15 అడుగుల లావు పైపు ఒకటి పాతి దాని మీద తల పెట్టెయ్యడం. ఖర్చు తక్కువ, ఒక్కరోజు పని. పక్క రాంచ్ పెద్దాయన చూసి, అలా చేస్తే నేను చెయ్యి కూడా వెయ్యను అని వెళ్ళిపోయాడు. నాకు పెద్దాయనదే కరెక్ట్ అనిపించింది. లెక్క చూడండి. గాలి వేగం రెట్టింపైతే అందులో శక్తి ఎనిమిది రెట్లవుతుంది. నేల దగ్గర చెట్లూ ఇళ్ళూ తగిలి గాలి నెమ్మదిస్తుంది, పైగా సుడులు తిరుగుతుంది. ఆ సుడుల్లో చక్రం అటూ ఇటూ కొట్టుకుని గేర్లు పాడవుతాయి. చుట్టూ 400 అడుగుల్లో ఉన్న ఏ చెట్టుకన్నా, కప్పుకన్నా చక్రం కనీసం 15 అడుగులు పైనుండాలని అక్కడి వాళ్ళ లెక్క. ఇల్లూ చెట్లూ కొలిస్తే 33 అడుగుల టవర్ తేలింది. ఇంకోటి, 15 అడుగుల మీద ఎనిమిదడుగుల చక్రం అంటే రెక్క చివర నేలకి 11 అడుగుల్లోనే తిరుగుతుంది. నిచ్చెన వేసుకున్న మనిషికి అందే ఎత్తు. పిల్లలున్న ఇంట్లో అది మాట్లాడాల్సిన పనే లేదు. అన్న రెండ్రోజులు అలిగాడు, తర్వాత యాంగిల్ ఇనుము ఆర్డర్ పెట్టాడు.

నాలుగు కాళ్ళకి నాలుగు గోతులు, కాంక్రీటు. ఇక్కడ చాలామంది అనుకునేది తప్పు. కాంక్రీటు టవర్ బరువు మొయ్యడానికి మాత్రమే కాదు. గాలి గట్టిగా తోసినప్పుడు గాలివైపు కాళ్ళు పైకి లేవాలని చూస్తాయి. వాటిని కిందికి పట్టి ఉంచే బరువే ఆ కాంక్రీటు. కాళ్ళు నిలబెట్టాక మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ కొలిచి సమానం చేశారు. బోల్టులన్నీ ముందు వదులుగానే బిగించి, ఆకారం కుదిరాక కింద నుంచి ఒక్కో వరసా టైట్ చేసుకుంటూ వెళ్ళారు. పైన తల కూర్చునే పైపు నిక్కంగా నిలువుగా ఉండాలి. తాపీ మేస్త్రీ గుండు కట్టి చూసినట్టే చూశారు. అది ఏ కాస్త వాలినా తల బరువుకి ఆ వైపే తిరిగి ఆగిపోతుంది, చిన్న గాలికి దిక్కు మారదు.

టవర్ ఇప్పుడు నిలబడింది. పెద్దాయన కూడా తిరిగొచ్చాడు, మొదటి బోల్టు బిగించింది ఆయనే. తల మొత్తం కలిపి దాదాపు 160 కిలోలు. ముక్కలుగా విడదీసి, టవర్ పైన కట్టిన దూలానికి కప్పీ వేసి లాగుతారు. ముందు గేరుపెట్టె, తర్వాత తోక, చివర్న రెక్కలు. తోక మడిచి బ్రేకు పట్టి ఉంచితే తప్ప రెక్క ఒక్కటి కూడా ఎక్కించకూడదు. పైనున్నవాళ్ళకి బెల్టు తప్పనిసరి, కింద ఎవరూ నిలబడకూడదు. గాలి లేని తెల్లవారుజాము కోసం ఎదురుచూస్తున్నారు. అక్కడ అలాంటి రోజు దొరకడమే కష్టం. ఈ శనివారం అనుకున్నది ఫోర్‌కాస్ట్ చూసి ఆపేశారు. ఎక్కించిన రోజు ఫుటేజ్ అన్న పంపిస్తానన్నాడు, వచ్చాక పెడతాను. బై.