గుర్తులను చదవడం నేర్పుదాం
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



ఇరువది అయిదేండ్లకు రజతమని, ఏబది ఏండ్లకు స్వర్ణమని, డెబ్బది అయిదేండ్లకు ప్లాటినమని లోహాల పేర్లతో కాలానికి గుర్తులు పెట్టుకొన్నాము. వస్తువుకు ఒక పేరో, రంగో, బొమ్మో తగిలించి పోల్చుకొనడం మానవ స్వభావం. మన తాలూకా కేంద్రమైన ముళబాగిలు పేరు, తూర్పు వాకిలి అని అర్థమిచ్చే ‘మూడల బాగిలు’ అనే కన్నడ మాటల నుండి వచ్చినది. దారి ప్రక్కన మైలురాతి తలకు పసుపు రంగు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. అక్షరం రాని బాటసారికి సైతం ఆ రంగు దారి సంగతి చెప్పుతుంది.

అయితే రంగుకు తనంతట తానుగా అర్థం లేదు. నలుగురూ ఒప్పుకొన్న కట్టుబాటే దానికి అర్థం ఇస్తుంది. కూడలి దీపంలోని ఆకుపచ్చ ‘వెళ్ళవచ్చు’ అంటుంది. ఆహారపు పొట్లం మీది ఆకుపచ్చ చుక్క శాకాహారమని తెలుపుతుంది. మరి పురుగుమందు డబ్బా మీది ఆకుపచ్చకు అర్థమేమి?

టొమాటో పండించే మన జిల్లాకు ఇది ప్రాణంతో ముడిపడిన ప్రశ్న. 1971 నాటి కీటకనాశినుల నియమాల ప్రకారం డబ్బాపై ఏటవాలుగా నిలిపిన చతురస్రం ఒకటి ఉంటుంది. దాని క్రింది సగంలోని రంగు విషతీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అత్యంత తీవ్ర విషం. దానిపై పుర్రె, ఎముకల గుర్తు కూడ ఉంటుంది. పసుపు తీవ్ర విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ స్వల్ప విషం. స్వల్పమే గాని, నిర్విషం కాదు. పచ్చగుర్తును చూచి భయం లేదనుకొని, చేతులు కడగక సంగటి ముద్ద ముట్టినా, ఖాళీ డబ్బాలో నీళ్ళు పట్టినా కీడు తప్పదు.

గుర్తు పెట్టేవారికీ బాధ్యత ఉన్నది. మాంసాహారపు గుర్తు మొదట గోధుమరంగు చుక్కగా ఉండేది. రంగుల భేదం కానరానివారికి రెండు చుక్కలూ ఒకటిగానే తోచేవి. అందుచేత 2020 నాటి నియమాలలో దానిని త్రిభుజంగా మార్చారు.

కనుక పిల్లలకు అక్షరాలతోపాటు గుర్తులను చదవడం కూడ నేర్పవలసి ఉన్నది. ఈ గుర్తు ఎవరు పెట్టారు? ఏ వస్తువుపై ఉన్నది? అక్కడ దాని అర్థమేమి? ఈ మూడు ప్రశ్నలూ వారికి అలవాటు కావాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మందు తెచ్చిననాడు, డబ్బాను పిల్లలకు అందకుండా ఉంచి, దానితో వచ్చిన కరపత్రాన్ని మాత్రం వారిచేత బిగ్గరగా చదివించండి. అది కన్నడంలో ఉన్నా సంకోచం వద్దు. తెలుగు, కన్నడ లిపులు ఒకే ప్రాచీన లిపి నుండి చీలినవి. ఒకటి వచ్చిన బిడ్డకు రెండవది త్వరగానే పట్టుబడుతుంది. సేద్యంలోనూ వ్యవసాయ శాఖలోనూ ఉన్న పూర్వవిద్యార్థులు ఏడాదికొక్కసారి మన తరగతులకు వచ్చి ఈ గుర్తులను వివరించిన, అది ఈ ఉత్సవపు జ్ఞాపకంగా నిలుస్తుంది.

సెలవు.